జావా తాళం

శ్రోతలకు నమస్కారం.

మాది పర్లాకిమిడి. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఊరు. కూతవేటు దూరంలో పాతపట్నం, అంటే ఆంధ్ర. 1936లో ఒడిశా రాష్ట్రం వచ్చినప్పుడు మధ్యలో గీత గీశారు గానీ, పెళ్ళి సంబంధాలకీ ఆవకాయకీ స్పేర్ పార్టులకీ ఆ గీత ఎప్పుడూ అడ్డం రాలేదు. గిడుగు రామమూర్తి పంతులు గారు మేష్టరీ చేసిన ఊరు మాది. వాడుక భాష కోసం ఆయన అంత పోరాడిన ఊళ్ళో పుట్టి, మోటార్ సైకిల్‌ని ద్విచక్ర వాహనం అంటే బాగుండదు. కాబట్టి ఈ ప్రసంగంలో బండి అనే అంటాను.

మందుల కంపెనీ రిప్రజెంటేటివ్‌గా 30 ఏళ్ళు తిరిగాను. కాశీనగరం, గుణుపురం, రాయగడ ఒక వైపు, ఆర్. ఉదయగిరి, మోహన, బరంపురం మరో వైపు. అంతా బండి మీదే. తిరిగిన కిలోమీటర్లు నేను లెక్కపెట్టలేదు, బండిలో మీటరు కూడా లెక్కపెట్టలేదు. నేను కొన్న రెండో ఏడాదే దాని కేబుల్ తెగిపోయింది.

అసలు నాకు ఈ పిచ్చి అంటించినవాడు మా మావయ్య. మా వీధిలో మొదటి మోటార్ సైకిల్ ఆయనదే, బుల్లెట్. దాన్ని స్టార్ట్ చేయడం చూడ్డానికి పిల్లలమంతా అరుగుల మీద చేరేవాళ్ళం. ముందు పెట్రోలు కుళాయి తిప్పేవాడు. కార్బురేటర్ మీదున్న చిన్న బొడిపెని వేలితో నొక్కి, పెట్రోలు చెమ్మ పైకి ఉబికే దాకా ఆగేవాడు. ఆ తర్వాత హెడ్‌లైటు పైనున్న ఆంపియర్ మీటర్ చూస్తూ కిక్కుని కొద్దికొద్దిగా కిందికి దించేవాడు. ముల్లు మధ్యకి రాగానే ఎడమ చేతి దగ్గర, ఇంజన్ లోపలి ఒత్తిడిని వదిలించే డీకంప్రెసర్ మీట నొక్కి, పిస్టన్‌ని ఆ గట్టు దాటించి, మీట వదిలేసి, లుంగీ పైకి దోపుకుని ఒక్క తన్ను! అందుకుంటే వీధి చివర దాకా డుగ్ డుగ్ డుగ్. టైమింగు తేడాగా ఉంటే మాత్రం కిక్కే ఎదురు తన్నేది. మావయ్య కుడి పిక్క మీద నల్లటి మచ్చ చివరి దాకా ఉండిపోయింది. అత్తయ్య ఆ మచ్చకి కొబ్బరినూనె రాస్తూ బుల్లెట్‌ని తిట్టేది. మావయ్య మాత్రం ఎప్పుడూ దాన్ని ఒక్క మాట అనలేదు.

1955లో మద్రాసులో తయారీ మొదలైన బండి అది. 350 అని పేరే గానీ, లెక్కకి 346 సీసీ. దానికి గేరు కుడి కాలికి, బ్రేకు ఎడమ కాలికి. ఇది గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో అవసరం పడుతుంది.

ఉద్యోగం వచ్చిన కొత్తలో, ఎనభైల మొదట్లో, బుల్లెట్ కొనే స్తోమత నాకు లేదు. పాతపట్నంలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ జావా ఉందని తెలిసి, నాన్నతో వెళ్ళి చూశాను. మెరూన్ రంగు, ట్యాంకు పక్కల అద్దంలాంటి నికెల్ మెరుపు, రెండు పొడుగాటి సైలెన్సర్లు. నాన్న బండి చుట్టూ ఒకసారి తిరిగి, "గేరు ఏదిరా?" అన్నాడు. నేనూ వెతికాను. లేదు. అమ్మే ఆయన నవ్వి, కిక్కు కొట్టి, అదే రాడ్డుని లోపలికి నొక్కి ముందుకు తిప్పాడు. అదే గేరు! కిక్కూ అదే, గేరూ అదే. నాన్న నా చెవిలో, "ఒక రాడ్డు మిగుల్చుకున్నోడు ఇంకేటి మిగుల్చుకున్నాడో" అన్నాడు. అయినా కొన్నాం.

జావా చెకోస్లొవేకియా బండి. యానెచెక్ అనే ఆయన 1929లో జర్మనీ వాండరర్ కంపెనీ మోటార్ సైకిల్ డిజైన్ కొని, తన పేరు స్పెల్లింగులోని మొదటి రెండక్షరాలూ (JA) వాళ్ళ పేరులోని మొదటి రెండక్షరాలూ (WA) కలిపి పెట్టిన పేరది. మన దేశంలో మైసూరులో ఫ్యాక్టరీ 1961లో మొదలైంది. 1973 నుంచి పేరు యెజ్డీగా మార్చారు. మా వైపు మాత్రం మారలేదు. ట్యాంకు మీద యెజ్డీ అని ఇంత అక్షరాలతో రాసి ఉన్నా జావా అనే పిలిచేవాళ్ళు. కొండ మీది గూడేల్లో అయితే ఏ కంపెనీదైనా ఫట్‌ఫటీయే.

దాని తాళంచెవి గురించి చెప్పాలి. తాళంచెవి అనడం కూడా ఎక్కువే, గుండ్రటి పుల్ల. పళ్ళూ గాడులూ ఏమీ లేవు. నెల తిరక్కుండానే గుణుపురంలో దాన్ని పోగొట్టుకున్నాను. ఎండలో నిలబడి జేబులన్నీ తిరగేస్తుంటే, షెడ్డులో మేస్త్రి తల కూడా ఎత్తకుండా డబ్బాలోంచి ఒక మేకు తీసి, ఆకురాయితో కాసేపు రుద్ది, కన్నంలో పెట్టి నొక్కాడు. లైటు వెలిగింది. "ఇదేటి బాబూ, ఎవడైనా ఎత్తుకుపోడా?" అంటే, "ఎత్తుకెళ్ళినోడికి గేరు దొరకొద్దా?" అన్నాడు. ఆ మేకే నా బండికి తాళంచెవి అయింది. కొత్తది కొందామని ప్రతి దీపావళికీ అనుకునేవాణ్ణి.

ఆ మేస్త్రి ఒడియా ఆయనే, తెలుగు మా కన్నా వేగంగా మాట్లాడేవాడు. కార్బురేటర్‌ని కార్పొరేటర్ అనేవాడు. "మీ కార్పొరేటర్ నిండా చెత్తే బాబూ" అంటే షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వేవాళ్ళు, ఆయన తప్ప. ఓసారి విజయవాడ నుంచి మా కంపెనీకి కొత్తగా వచ్చిన కుర్రాడు తన బండి అక్కడ ఇచ్చాడు. ఎప్పుడవుతుందని అడిగితే మేస్త్రి "కాలి హెబొ" అన్నాడు. కుర్రాడి మొహం తెల్లబోయింది. "ఏం కాలిందండీ? ఇంజనా?" ఒడియాలో కాలి అంటే రేపు. రేపవుతుంది అన్నాడు, అంతే. బండి మూడు రోజులకి గానీ కాలేదు, అది వేరే సంగతి.

బుల్లెట్ ఇంజన్ రెండు చుట్లు తిరిగితే ఒక్కసారి మండుతుంది, అందుకే ఆ నింపాది చప్పుడు. జావాది టూ స్ట్రోక్. ప్రతి చుట్టుకీ మండుతుంది. ఇంజన్‌కి విడిగా ఆయిల్ పోసే ఏర్పాటు లేదు. పెట్రోల్లోనే కలిపి పోయాలి. లీటరుకి 40 మిల్లీలీటర్ల లెక్కన నేను కలిపేవాణ్ణి. ఆ ఆయిలు లోపల బేరింగుల్ని తడిపి, పిస్టన్‌ని తడిపి, చివరికి పెట్రోలుతో పాటు తనూ మండిపోయి పొగై వెనక నుంచి పోతుంది. తక్కువ పోస్తే పిస్టన్ పట్టేస్తుంది, ఎక్కువ పోస్తే ప్లగ్ నల్లగా అట్టకట్టి బండి ఆగిపోతుంది. బంకులు లేని చోట కిరాణా కొట్లలో సీసాల్లో అమ్మే పెట్రోలు కొనాల్సి వచ్చేది. అందులో కిరసనాయిలు ఎంతో ఆ దేవుడికే తెలియాలి. నా బ్యాగులో మందుల శాంపిళ్ళ పక్కనే ఒక స్పేర్ ప్లగ్గూ, గరుకు కాగితం ముక్కా, ప్లగ్ స్పానరూ ఎప్పుడూ ఉండేవి. నేను గుమ్మం దాటకముందే కొందరు డాక్టర్లు వాసన పట్టేసేవారు. మా ఆవిడ నా చొక్కాల్ని విడిగా నానబెట్టేది, ఇప్పటికీ ఆ బకెట్‌ని జావా బకెట్ అంటుంది.

కుడి కాలి గేరు గుర్తుందా? ఓసారి నా జావా షెడ్డులో ఉంటే మావయ్య బుల్లెట్ తీసుకుని కాశీనగరం వెళ్ళాను. జావాకి గేరు ఎడమ, బ్రేకు కుడి. బుల్లెట్ పూర్తిగా తిరగబడ్డ లెక్క. రోడ్డు మీద పర్వాలేదు, బుర్ర పనిచేసింది. బజార్లోకి రాగానే ఒక మేక అడ్డం వచ్చింది. బుర్ర ఆగి కాలు పనిచేసింది. బ్రేకనుకుని కుడి కాలు గట్టిగా కిందికి నొక్కాను. అది గేరు. అందులోనూ బుల్లెట్‌కి ఒకటో గేరు పైకి, మిగతావన్నీ కిందికి. అంటే నేను బ్రేకు కాదు, పై గేరు వేశాను! మేక తప్పుకుంది. దాని వెనక పనసకాయల గుట్ట తప్పుకోలేదు. పండిన కాయలు రెండు పగిలి తొనలు రోడ్డంతా. బుల్లెట్ ముందు చక్రం చుట్టూ పీచు. కాయలమ్ముకునే ముసలమ్మ లేచి నన్ను పైనుంచి కింది దాకా చూసి, "బండాగలేదా బాబూ, నీ కాళ్ళాగలేదా?" అంది. డబ్బులిచ్చేశాను. పగిలిన కాయలు గోనెలో కట్టి నాకే ఇచ్చింది. మావయ్య ఆ తొనలు తింటూనే నన్ను ఓ గంట తిట్టాడు.

నౌపడా నుంచి పర్లాకిమిడి మీదుగా గుణుపురం దాకా అప్పట్లో చిన్న రైలు నడిచేది. 90 కిలోమీటర్ల లైను, పట్టాల మధ్య రెండున్నర అడుగులే. పర్లాకిమిడి రాజావారు వేయించిన లైను, 2004లో పెద్ద పట్టాల కోసం ఆపేశారు. రోడ్డూ పట్టాలూ పక్కపక్కన వచ్చే చోట నేను దానితో పందెం వేసుకునేవాణ్ణి. డ్రైవరు కూత వేసేవాడు, పిల్లలు కిటికీల్లోంచి చేతులూపేవాళ్ళు. చాలాసార్లు నేనే గెలిచాను. ఒకసారి మాత్రం, అందరూ చూస్తుండగా, టప్ మని ఒక్క చప్పుడు చేసి నా బండి ఆగిపోయింది. రైలు నిదానంగా నన్ను దాటుకుంటూ వెళ్ళింది. చివరి పెట్టె దగ్గర నిలబడ్డ గార్డు పచ్చజెండా నా వైపు ఊపుతూ పోయాడు. అది ఎగతాళో, బయలుదేరమని సైగో నాకిప్పటికీ అర్థం కాలేదు.

ఇలా ఆగిన చోట్లే నాకు బాగా గుర్తు. ఆర్. ఉదయగిరి కొండ దారిలో ఓ మిట్టమధ్యాహ్నం వెనక ట్యూబు అతుకు వేయడానికి కూడా పనికిరాకుండా చిరిగిపోయింది. దగ్గర్లోని సవర గూడెం దాకా తోసుకెళ్ళాను. ఒక పెద్దాయన టైరుని అటూ ఇటూ నొక్కి చూసి, లోపలికెళ్ళి ఎండుగడ్డి మోపు తెచ్చాడు. నేను టైరు ఒక పక్క ఊడదీశాను. ఆయనా ఇద్దరు కుర్రాళ్ళూ గడ్డిని తాళ్ళలా మెలితిప్పి లోపల కుక్కారు. నాకు సవర రాదు, ఆయనకి తెలుగు నాలుగు మాటలు. పని అయ్యాక సొరకాయ బుర్రలో జీలుగు కల్లు ఇచ్చాడు. డబ్బు తీసుకోలేదు, తలనొప్పి మాత్రలు రెండు స్ట్రిప్పులు తీసుకున్నాడు. గడ్డి టైరు మీద ఒంటెలా ఊగుతూ ఉదయగిరి చేరాను.

తప్తపాణి ఘాటీలో జరిగింది ఇంకా బాగుంటుంది. బరంపురం నుంచి వస్తున్నాను, జోరు వాన. వేడినీటి బుగ్గ దగ్గర టీ తాగి బయలుదేరి రెండు మలుపులు తిరిగానో లేదో క్లచ్ కేబుల్ పుటుక్కుమంది. క్లచ్ లేకపోతే గేరు పడదు, గేరు పడకపోతే ఆ ఎత్తు ఎక్కలేను. చీకటి పడుతోంది. సాలూరు లారీ ఒకటి పక్కన ఆగింది. అందులోంచి క్లీనర్ కుర్రాడు దిగి, "జావాకి క్లచ్చి తెగితే ఏటయ్యింది బాబూ? కాలితో గేరు నొక్కి పట్టు, నెమ్మదిగా వదులు" అన్నాడు. నేను నమ్మలేదు. వాడే ఎక్కి చూపించాడు. నిజమే! ఆ బండిలో గేరు రాడ్డు నొక్కగానే క్లచ్ దానంతటదే విడిపోతుంది. అన్నేళ్ళు నడిపి నాకా సంగతి తెలీదు, లారీ క్లీనర్‌కి తెలుసు. ఎడమ పాదం కిందే క్లచ్ పెట్టుకుని, ఎక్కడైనా ఆపితే మళ్ళీ కదలదేమో అన్న టెన్షన్‌తో, దారిలో టీ కూడా తాగకుండా ఇంటిదాకా వచ్చేశాను.

అలాగని ఆ బండ్లు గొప్పవని చెప్పను. ఈ విషయంలో నా తోటి పాతబండి ప్రేమికులతో నాకు పడదు. 6 వోల్టుల హెడ్‌లైటు కన్నా లాంతరు నయం. వానలో డ్రమ్ము బ్రేకు పట్టిందా లేదా అన్నది గోడ దగ్గరికి వెళ్తే గానీ తెలిసేది కాదు. లీటరుకి 30 కిలోమీటర్లు దాటితే మాకు పండగే. ఆ పొగ మా వెనక నడిచేవాళ్ళంతా పీల్చారు. 1985లో హీరో హోండా సీడీ 100, యమహా ఆర్ఎక్స్ 100 వచ్చాక మా రిప్రజెంటేటివ్‌లంతా ఒక్కొక్కరే మారిపోయారు. వాళ్ళు చేసింది తెలివైన పని. ఆర్ఎక్స్ 98 సీసీయే గానీ, నన్ను దాటేటప్పుడు కుర్రాళ్ళు వెనక్కి తిరిగి కూడా చూసేవాళ్ళు కాదు. వాళ్ళు పొద్దున వెళ్ళి మధ్యాహ్నం భోజనానికి ఇంటికొచ్చేవాళ్ళు. నేను ఎక్కడో ఒక షెడ్డులో స్టూలు మీద కూర్చుని ఎవరి ఇంట్లో పెళ్ళో, ఎవరి పొలం తగాదానో వింటూ ఉండేవాణ్ణి. మైసూరు ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆ తర్వాత సామాన్లు దొరకడం కష్టమై, నేనూ మారాను. జావా పెరట్లో రేకుల షెడ్డు కిందికి చేరింది.

2018 అక్టోబరు 11. తిత్లీ తుఫాను రాత్రి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లవారి చూస్తే రేకులు లేచి ఎటో పోయాయి, మామిడి కొమ్మ విరిగి బండి మీద పడి ఉంది. ట్యాంకు సొట్టపడింది. కరెంటు లేని ఆ రోజుల్లో పనేమీ లేక దాన్ని తుడుస్తూ కూర్చున్నాను. నెల తర్వాత కొత్త జావా మళ్ళీ వచ్చిందని పేపర్లో చూశాను. పేరే అది, లోపల ఫోర్ స్ట్రోక్, సెల్ఫ్ స్టార్ట్. దాంతో పాత వాటికీ గిరాకీ పెరిగింది. ఎలా తెలిసిందో, విశాఖపట్నం నుంచి ఒక కుర్రాడు చిన్న వ్యాను వేసుకుని వచ్చాడు. బేరం పెద్దగా ఆడలేదు. కిక్కు రాడ్డుని తనే నొక్కి ముందుకు తిప్పాడు. అది చూసి నేనూ ధర కాస్త తగ్గించాను.

బండి వ్యానెక్కించి కట్టేశాక, "తాళం ఇస్తారా అంకుల్?" అన్నాడు.

వంటింట్లోకి వెళ్ళి, గోడ మీది క్యాలెండర్ తీసి బల్ల మీద పెట్టి, మేకు పీకి తెచ్చి చేతిలో పెట్టాను. వాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూస్తున్నాడు. లోపల్నుంచి మా ఆవిడ గొంతు వినిపించింది: "ఏమండీ, ఇప్పుడీ క్యాలెండర్ ఎక్కడ తగిలించమంటారు?"