కుంట అక్కరలేని కప్ప

శ్రోతలకు నమస్కారం. కప్ప అంటే మనకు కుంటే గుర్తొస్తుంది. కుంటలో గుడ్లు, గుడ్లలోంచి తోకకప్పలు, తోక పోయాక కప్పలు. ఈ లెక్కకు లొంగని ఒక బుడ్డ కప్ప ఉంది.

కేరళలో ఆనముడి శిఖరం ఎత్తు 2,695 మీటర్లు. మన హార్స్‌లీ కొండకు రెండింతల పైమాటే. ఆ శిఖరం చుట్టుపక్కల గడ్డి దుబ్బుల్లో ఉంటుందీ కప్ప. పొడవు రెండున్నర సెంటీమీటర్ల లోపే. పండుమిరప రంగు, ఒంటినిండా బుడిపెలు. కాళ్లు మరీ పొట్టివి, దూకడం కంటే పాకడమే ఎక్కువ. పుట్టింది చెట్టుకప్పల కుటుంబంలో, బతుకంతా నేలమీద! 2010లో పేరు పెట్టారు: రావోర్కెస్టిస్ రెస్ప్లెండెన్స్. అందులోని 'రావ్' కప్పల శాస్త్రవేత్త సి.ఆర్. నారాయణరావు గారు.

దీని గుడ్లు నీళ్లలో ఉండవు. కొండవెదురు దుబ్బు మొదట్లో, ఆకుల సందున పెడుతుంది. మంచు, తుంపర ఆ సందును ఎప్పుడూ తడిగా ఉంచుతాయి. తోకకప్ప దశ మొత్తం గుడ్డులోపలే గడిచిపోతుంది. బయటికి వచ్చేది కాళ్లున్న బుల్లి కప్పే. నీటి కుంట లేదు, ఈత లేదు. కానీ ఆ తడి తగ్గిందా, గుడ్డు ఎండిపోతుంది. అందుకే అది కొండ దిగలేదు.

మరి మన సీమలో? అనంతపురంలో ఏడాది మొత్తానికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప. ఇక్కడి చెట్టుకప్ప, అదే, స్నానాలగదిలో గోడకు అతుక్కుని కూర్చునేది, తడిని తానే తయారు చేసుకుంటుంది. వానాకాలంలో ఆడకప్ప ఒంటినుంచి జిగురు వదిలి, వెనక కాళ్లతో మజ్జిగ చిలికినట్టు చిలుకుతుంది. తెల్లటి నురగ ముద్ద అవుతుంది, గుడ్లు అందులో. పైపొర ఎండి గట్టిపడుతుంది, లోపల తడి నిలుస్తుంది. కొద్ది రోజులకు తోకకప్పలు కిందనున్న నీళ్లలోకి జారిపడతాయి. కింద నీళ్లు లేకపోతే అంతే సంగతులు.

ఆ నురగ మీ నీళ్లతొట్టి గోడకు కనబడితే సబ్బు నురగనుకుని చీపురుతో గీకేయకండి. తాగే నీళ్ల తొట్టి అయితే తీయక తప్పదు, సరే. చేతులు తడుపుకోండి, చేతికి సబ్బు ఉండకూడదు. పలుచటి అట్టముక్కతో గోడవెంట మెల్లగా, ముద్ద చెదరకుండా ఊడదీయండి. వెడల్పాటి ఆకులో పెట్టి, దగ్గర్లోని కుంట ఒడ్డున, నీళ్లమీదికి వంగిన కొమ్మకు జానెడు ఎత్తులో కట్టండి. నీడపట్టున కట్టండి, ఎండ తగిలితే లోపలి తడి పోతుంది. నేరుగా నీళ్లలో మాత్రం పడేయొద్దు. పచ్చి నురగ కరిగిపోయి, పొదగని గుడ్లు విడిపోతాయి. నీళ్లమీద కట్టండి, నీళ్లలో కాదు.