జామ్ చేశారంటున్నారా? ఆ రోబోను ఆపింది దాని బ్యాటరీయే!

ఆపండి. ముందు ఆ అమ్మాయిలను తిట్టడం ఆపండి.

వరంగల్ ఫెస్ట్ ఫైనల్ క్లిప్ ఈపాటికి మీ అందరి ఫోన్లకూ వచ్చే ఉంటుంది. రోబో సుమో. ఒకవైపు మన హన్మకొండ బీటెక్ ఫైనలియర్ అబ్బాయిలు, ఇంకోవైపు కరీంనగర్ నుంచి వచ్చిన పాలిటెక్నిక్ అమ్మాయిలు. రెండు రోబోలు ఢీకొన్నాయి. అబ్బాయిల రోబో రింగు మధ్యలో టక్కున ఆగిపోయింది. అమ్మాయిల రోబో దాన్ని నెట్టుకుంటూ బయట పడేసింది. సాయంత్రానికల్లా గ్రూపుల నిండా ఒకటే మాట: "అన్నా, బ్లూటూత్ జామ్ చేసిన్రు!" కప్పు వెనక్కి తీసుకోవాలట!

నేను ఒకటే మాట చెబుతా. వీడియో అయిపోయేలోపు మళ్లీ మళ్లీ చెబుతా. ఆ రోబోను ఎవరూ జామ్ చేయలేదు. దాని బ్యాటరీయే దాన్ని ఆపింది.

సాక్ష్యం ఆ క్లిప్‌లోనే ఉంది. ఢీకొన్న క్షణం దగ్గర పాజ్ చేసి, స్లోగా నడపండి. బోర్డు మీద చిన్న ఎల్ఈడీ ఉంది చూశారా? ఒకటి, రెండు, మూడు. మూడుసార్లు వెలిగి ఆరింది. మ్యాచ్‌కు ముందు ఆ టీం వాళ్లే మైకులో ఏం చెప్పారు? "స్విచ్ వేయగానే మూడుసార్లు వెలిగేలా కోడ్ మొదట్లో, సెటప్‌లో రాసుకున్నాం" అన్నారు. మరి మ్యాచ్ మధ్యలో స్విచ్ ఎవరు వేశారు?

ఎవరూ వేయలేదు. రోబోను నడిపే చిన్న కంట్రోలర్ బోర్డు, ఆర్డుయినో, తనంతట తానే రీసెట్ అయింది. సిగ్నల్ జామ్ చేస్తే కనెక్షన్ పోతుంది, అంతే. గాల్లో ఎంత జామ్ చేసినా ఆర్డుయినో ఆరి మళ్లీ మొదటి నుంచి మొదలవదు. అది జరిగిందంటే ముందు అనుమానించాల్సింది దానికి అందే కరెంటు పడిపోవడాన్నే. ఇంకో సంగతి. బ్లూటూత్ ఒక్కచోట కూర్చుని ఉండదు, 79 చానళ్ల మీద సెకనుకు 1600 సార్లు గెంతుతూ ఉంటుంది. దాన్ని ఆపాలంటే ఆ బ్యాండ్ మొత్తాన్నీ ముంచేయాలి. అప్పుడు అమ్మాయిల రోబో ఎలా నడిచింది? వాళ్లదీ అదే హెచ్‌సీ-05 బ్లూటూత్ మాడ్యూల్ కదా!

"మరి కనెక్షన్ కూడా పోయింది కదా అన్నా" అంటున్నారు. పోతుంది తమ్ముడూ! ఆ మాడ్యూల్ మీదే రాసి ఉంటుంది, 3.6 వోల్టుల నుంచి 6 వోల్టుల దాకా అని. అంతకంటే కిందికి పోతే అది కూడా ఆరిపోతుంది. ఆరి లేస్తే మళ్లీ పెయిర్ అవ్వాలి. ఫోన్‌తో రోబోను నడిపే కుర్రాడికి అది అచ్చం జామ్ చేసినట్టే కనిపిస్తుంది.

ఇప్పుడు ఆ రోబో లోపలికి పోదాం. వాళ్లు పెట్టిన ఫోటోల్లో అన్నీ కనిపిస్తున్నాయి. 12 వోల్టుల జాన్సన్ మోటార్లు నాలుగు. ఆ మోటార్లకు కరెంటు పంపే ఎల్298ఎన్ డ్రైవర్ బోర్డు ఒకటి. ప్లాస్టిక్ హోల్డర్‌లో మూడు 18650 లిథియం సెల్స్. ఆర్డుయినోకు, బ్లూటూత్‌కు కరెంటు ఎక్కడి నుంచి? అదే ఎల్298ఎన్ బోర్డు మీదున్న 5 వోల్టుల పిన్ను నుంచి. ఆ ఒక్క తీగ చూడగానే నాకు సగం కథ అర్థమైంది.

మోటార్ తిరుగుతున్నప్పుడు తనే ఎదురు వోల్టేజ్ పుట్టిస్తుంది, అందుకే తక్కువ కరెంటు లాగుతుంది. చక్రం ఆగిపోతే ఆ ఎదురు వోల్టేజ్ సున్నా. అప్పుడు లాగేదే స్టాల్ కరెంటు. ఈ సైజు మోటార్ ఒక్కటే చాలా ఆంపియర్లు లాగుతుంది. ఫుల్ స్పీడ్‌లో ముందుకు పోతూ ఒక్కసారిగా రివర్స్ కొడితే ఆ కుదుపు స్టాల్ కరెంటుకు దాదాపు రెట్టింపు. సుమోలో చేసేదేంటి? ఢీకొట్టడం, ఆగడం, రివర్స్ కొట్టడం. ఇంకేం ఉంది!

లెక్క చూడండి. పాత సెల్స్, హోల్డర్‌లోని స్ప్రింగులు, సన్నని తీగలు, అన్నీ కలిపి ఒక ఓమ్ రెసిస్టెన్స్ అనుకుందాం. 6 ఆంపియర్లు లాగితే 6 వోల్టులు దారిలోనే పోయాయి. బ్యాటరీ ఇచ్చే 11 వోల్టుల్లో మిగిలింది 5. డ్రైవర్ బోర్డు మీద ఆ 5 వోల్టులు తయారుచేసే రెగ్యులేటర్ పని చేయడానికి తనకే సుమారు 2 వోల్టులు కావాలి. ఆర్డుయినోకు చేరింది 3. బ్లూటూత్ అప్పటికే ఆరిపోయింది. ఇంకొంచెం కిందికి, 2.7 వోల్టులకు పడితే ఆర్డుయినో ఊనో బోర్డే రీసెట్ అవుతుంది. చిప్‌లోనే ఆ ఏర్పాటు ఉంది, బ్రౌన్-అవుట్ డిటెక్షన్ అంటారు. ఊళ్లో బావికాడ మోటార్ స్టార్ట్ చేయగానే ఇంట్లో బల్బు మసకబారుతుంది చూశారా, ఈ రింగులో జరిగింది అదే!

ఇక అందరూ పట్టుకున్న పెద్ద పాయింట్: "లీగ్ మ్యాచ్‌లన్నీ బాగానే ఆడింది, ఫైనల్లోనే ఎందుకు ఆగింది? కావాలనే చేసిన్రు." ఫైనల్లో కాకపోతే ఇంకెప్పుడు ఆగుతుంది? పొద్దున ఫుల్ చార్జ్‌లో మూడు సెల్స్ కలిపి 12.6 వోల్టులు. సాయంత్రానికి 10 దగ్గరికి వచ్చేసి ఉంటాయి. పైగా ఫైనల్లో ఎదురుగా ఉన్నది బరువైన, గట్టి రోబో. లీగ్‌లో చక్రాలు ఎక్కువసేపు ఆగే అవసరమే రాలేదు. వేరే కారణం వెతకాల్సిన పనే లేదు. బ్యాటరీయే!

అమెరికాలో ఎఫ్ఆర్‌సీ అని హైస్కూల్ పిల్లల పోటీ ఉంది, 1992 నుంచి నడుస్తోంది. అక్కడ మన చదరపు డబ్బాలు కావు, మనిషంత బరువున్న రోబోలు. 12 వోల్టుల లెడ్ యాసిడ్ బ్యాటరీ, 120 ఆంపియర్ల మెయిన్ బ్రేకర్. అంత ఉన్నా వోల్టేజ్ మరీ కిందికి పడితే వాళ్ల కంట్రోలర్ ముందు మోటార్లను ఆపేసి తనను తాను కాపాడుకుంటుంది. అంటే నియమాలు రాసేవాళ్లకే తెలుసు, రోబోలు ఆగిపోయేది ఇక్కడే అని. మన దగ్గర ఫెస్ట్‌లో చెకింగ్ టేబుల్ దగ్గర ఏం చూస్తారు? పొడవు, వెడల్పు, బరువు. బ్యాటరీని లోడ్ మీద కొలిచిన టేబుల్ ఒక్కటి కూడా నాకు కనిపించలేదు!

కోపం రాదా? నాలుగేళ్లు ఇంజినీరింగ్ చదివిన పిల్లలు రోబో ఆగగానే ల్యాప్‌టాప్ తెరిచి కోడ్ గెలుకుతారు. అది కుదరకపోతే ఎదుటివాళ్ల మీద పడతారు. మల్టీమీటర్ మాత్రం బ్యాగులోనే ఉంటుంది. ల్యాబుల్లో పవర్ సప్లై గురించి చెప్పేదెవరు? మోటార్‌ను చేత్తో ఆపి చూపించేదెవరు? అమీర్‌పేటలో మినీ ప్రాజెక్ట్ కొనుక్కొచ్చి వైవా దాటేస్తే అయిపోయింది.

కోడ్ వల్ల ఆగవా అని అడిగేవాళ్లు 1997లో అంగారకుడి మీద దిగిన నాసా నౌక మార్స్ పాత్‌ఫైండర్ ఉదాహరణ తెస్తారు. నిజమే, అది కోడ్ వల్లే పదే పదే రీసెట్ అయింది. కానీ నాసా వాళ్లు ఏం చేశారు? భూమ్మీద ఉన్న నకలు మీద అదే రీసెట్‌ను మళ్లీ రప్పించి, కారణం పట్టుకుని, అప్పుడు సరిచేశారు. మనవాళ్లు మాత్రం రోబోను టేబుల్ మీద పెట్టకుండానే తీర్పు ఇచ్చేశారు.

సరే, రీసెట్‌ను రప్పించడం ఎలా? సగం దిగిన బ్యాటరీ పెట్టండి, ఫుల్ చార్జ్ వద్దు. ఫోన్‌తో కనెక్ట్ చేయండి. రోబోను గోడకు ఆనించి, కదలకుండా గట్టిగా పట్టుకోండి. ఫుల్ ఫార్వర్డ్, వెంటనే ఫుల్ రివర్స్. ఒకటి రెండు సెకన్లు చాలు, ఎక్కువసేపు చేస్తే డ్రైవర్ కాలిపోతుంది. ఎల్ఈడీ మూడుసార్లు వెలిగిందా? దొరికింది దొంగ. మల్టీమీటర్‌లో ఏమీ పడలేదు అనకండి, అది సెకనుకు రెండు మూడుసార్లే చూస్తుంది. ఈ పడటం మిల్లీసెకన్లలో అయిపోతుంది. కాలేజీలో వోల్టేజ్‌ను క్షణక్షణం గీసి చూపించే ఆసిలోస్కోప్ ఉంటుంది కదా, దాని మీద దుమ్ము దులపండి.

బాగుచేయడానికి పెద్ద ఖర్చేం లేదు. ఆర్డుయినోకు, బ్లూటూత్‌కు వేరే చిన్న బ్యాటరీ, గ్రౌండ్ మాత్రం కలిపి ఉంచాలి. ఇది ఒక్కటి చేసినా ఆ ఫైనల్లో రోబో ఆగేది కాదు. వేరే బ్యాటరీ పెట్టే చోటు లేదంటే కరెంటును వెనక్కి పోనివ్వని ఒక షాట్కీ డయోడ్, దాని వెనక కాస్త చార్జ్ దాచుకునే 1000 మైక్రోఫారడ్ కెపాసిటర్. బోర్డు, బ్లూటూత్ కలిపి 80 మిల్లీఆంపియర్లు తీసుకుంటే ఓ పది మిల్లీసెకన్లకు పైగా గట్టెక్కిస్తుంది, చిన్న కుదుపుకు అది చాలు. స్ప్రింగ్ హోల్డర్ తీసేసి నికెల్ స్ట్రిప్‌తో వెల్డ్ చేయించండి. ఎల్298ఎన్‌ను మాత్రం సుమోలో వాడొద్దు. ఒక్క ఆంపియర్ దగ్గరే సుమారు 2 వోల్టులు తినేస్తుంది, చానల్‌కు 2 ఆంపియర్లే దాని హద్దు. దానికి నాలుగు జాన్సన్ మోటార్లా! కోడ్‌లో మార్చేది ఒక్కటే: రివర్స్‌కు ముందు కొద్దిసేపు మోటార్ ఆపండి.

ఇప్పుడు ఆ హన్మకొండ టీంకు నేరుగా చెబుతున్నా. తమ్ముళ్లూ, రోబోను విప్పకండి. అవే సెల్స్, అవే తీగలు, అదే కోడ్ అలాగే ఉంచండి. మీ ల్యాబులోనే, మీ ఫ్యాకల్టీ ముందు, ఆ కరీంనగర్ అమ్మాయిలను కూడా పిలిచి, గోడకు ఆనించే టెస్ట్ చేయండి. మొత్తం వీడియో తీయండి, కటింగ్ లేకుండా ఈ చానల్‌లో వేస్తా. ఎల్ఈడీ మూడుసార్లు వెలిగితే మాత్రం, గ్రూపుల్లో ఆ అమ్మాయిల మీద పెట్టిన పోస్టులన్నీ ఆ రోజే తీసేయాలి.