ఈ బండ అంచు చూడండి

సభకు నమస్కారం. వేదిక మీద పేర్లన్నీ చదివితే భోజనాల టైం అవుతుంది, వదిలేస్తా.

సంచిలో నాపరాయి ముక్క తెచ్చినా. ఎర్రగుంట్ల దారిలో క్వారీ పక్కన పారేసింది. ముందు వరుస పిల్లలూ, పట్టుకోండి. పైన కాదు, అంచు చూడండి. బూడిద చార సాగి సాగి మధ్యలో తెగి, వేలెడు కిందికి దిగి మళ్లీ సాగింది కదా? అదే ఫాల్టు. పుస్తకంలో భ్రంశం అంటారు. రాయి పగిలితే చాలదు, పగులుకు ఇటూ అటూ జరగాల. నేల సాగితే ఒక దిమ్మె జారుతుంది, నొక్కుకుంటే ఒకటి మీదికెక్కుతుంది.

ఇంక చమురు. బురదలో పూడిన జీవాలు లోతులో వేడికి మగ్గితే పుడుతుంది. నీళ్లకంటే తేలిక, ఇసుకరాయి సందుల్లో పైకి పాకుతుంది. ఫాల్టు జరిగి ఆ ఇసుకరాయికి ఎదురుగా సందుల్లేని బంకరాయి వచ్చి నిలిస్తే దారి మూతపడి చమురు ఆగుతుంది. కృష్ణా గోదావరి బేసిన్‌లో, అంటే ఆ నదుల చివర మట్టి పొరలు పేరుకున్న లోతట్టులో, నేల సాగి ఈశాన్యం నుంచి నైరుతికి ఫాల్టులు పడినాయి. నేల లోపలున్న బాపట్ల, తణుకు గట్లు అట్లా లేచినవే, వాటి నడుమ పల్లాలు.

ఇక్కడ మా నాయన సంగతి చెప్పాల. నేను ఇంటర్‌లో ఉండగా మా బోరు నీళ్ల మీద రంగురంగుల తెట్టు తేలింది. ఊరంతా ‘ఆయిలు పడింది’ అని. ఒకాయన వచ్చి చేను దున్నినట్టు తిరిగి, “కింద పెద్ద ఫాల్టు ఉంది పెద్దాయనా, ఫాల్టుంటే ఆయిలుంటది” అని పరీక్ష ఫీజని అయిదు వందలు తీసుకొని పోయినాడు. పోయినోడు పోయినాడే. శెనక్కాయలు అమ్మిన దుడ్లు అవి! చివరికి మా లెక్చరరు వచ్చి, ఇంజను కింద తడిమన్ను వాసన చూసి, “డీజిలు” అన్నాడు. కారి కారి కేసింగు పక్కన బోరులోకి దిగింది. అందరూ నవ్వినారు. మా నాయన నవ్వలేదు.

అందుకే అడుగుతున్నా, ఫాల్టుంటే ఆయిలుంటుందా? ముందు చమురు పుట్టే రాయి ఉండాల. మా పులివెందుల వైపు రాళ్లు 180 కోట్ల ఏళ్లు దాటినవి, అంత పాతవాటిలో చమురు దొరికేది చాలా అరుదు. గోదావరి దగ్గర చమురు, గ్యాసు తీసే రాళ్లు 30 కోట్ల లోపువి. పైగా చమురు కదలకముందే ఫాల్టు అడ్డం పడుండాల. తర్వాత పడితే చేతులు కాలినాక ఆకులు పట్టుకున్నట్టే. ఒక్కోసారి ఆ పగులే దారై ఉన్నదంతా కారిపోతుంది.

బండ ఎవరి దగ్గరుంది? పగుల్లో తెల్లగా ఉంది చూడు నాయనా, అది సున్నం. ఒకప్పుడు అందులో నీళ్లు పారినాయి. పారి పారి సున్నం పేరుకొని దారి మూసుకుంది. గోరుతో గీకద్దు, వెనక వరుసకియ్యి.