డైలాగ్ లేనివాడి మొహం చూడండి

[తెర మీద: ఇద్దరు వాదించుకునే సీన్. సౌండ్ ఆగిపోతుంది.]

సౌండ్ తీసేశాం. ఇప్పుడు మాట్లాడేవాడిని వదిలేసి, వినేవాడిని చూడండి. తన వంతు కోసం కాచుక్కూర్చున్న నటుడు ఇక్కడే దొరికిపోతాడు. ఎదుటివాడి మాట పూర్తవకముందే గడ్డం కాస్త లేస్తుంది, ఊపిరి పీల్చుకుంటాడు. మాట అర్థమై కాదు, తన డైలాగ్ వచ్చేసిందని.

వినడమే పాత్రకు పెద్ద పనైన సినిమా 2018లో వచ్చిన 'రంగస్థలం'. రామ్‌చరణ్ చేసిన చిట్టిబాబుకి వినికిడి తక్కువ. ఇలాంటి పాత్రను చెడగొట్టడం చాలా తేలిక. చెవి దగ్గర చెయ్యి పెట్టి "ఆఁ?" అంటే మొదటిసారి నవ్వొస్తుంది, మూడోసారి విసుగొస్తుంది. సరిగా వినపడని మనిషి చూపు ఎదుటివాళ్ల పెదాల దగ్గరే తచ్చాడుతుంది. జవాబు అర సెకను ఆలస్యంగా వస్తుంది. వినపడకపోయినా వినపడినట్టు తలూపేయడమూ ఉంటుంది. మళ్లీ చూసినప్పుడు ఈ మూడూ వెతకండి.

[తెర మీద: కెమెరా పక్కన స్టాండు, దానికి అంటించిన టేప్ ముక్క.]

క్లోజప్‌లో ఇంకో చిక్కు. ఎదుటి నటుడు చాలాసార్లు అక్కడ ఉండనే ఉండడు. అసిస్టెంట్ డైరెక్టర్ పొడిగా డైలాగ్ చదువుతుంటే, నటుడు ఈ టేప్ ముక్కను చూసి కరిగిపోవాలి. నిజంగా మనిషే ఉన్నా, అతని రెండు కళ్లనీ మార్చి మార్చి చూస్తే తెర మీద చూపు అటూ ఇటూ గెంతుతుంది. అందుకే కెమెరాకి దగ్గరగా ఉన్న కన్ను ఒక్కటే పట్టుకుంటారు. కన్నీళ్లంటారా, వాటికి గ్లిజరిన్ ఉంది. కన్నీళ్లు చూసి మార్కులు వేయకండి.

'పుష్ప'కు అల్లు అర్జున్ 2023లో ప్రకటించిన 69వ జాతీయ అవార్డుల్లో ఉత్తమ నటుడయ్యారు. తెలుగు నటుడికి ఆ అవార్డు రావడం అదే మొదలు. ఆ పాత్ర ఎత్తిపెట్టిన భుజాన్నే అందరూ పట్టుకున్నారు. భుజం ఎత్తడం బడి వార్షికోత్సవంలో పిల్లలూ చేస్తారు. కష్టమంతా దాన్ని నిలబెట్టడంలో ఉంది. సీన్లు కథ వరుసలో తీయరు. పొద్దున వైడ్ షాట్, భోజనాలయ్యాక అదే సీన్‌కి క్లోజప్. అలసిపోయి భుజం రెండంగుళాలు దిగిందో, ఎడిటర్ ఆ రెండు షాట్లనూ అతకలేడు.

[తెర మీద: డబ్బింగ్ థియేటర్. మైకు, హెడ్‌ఫోన్లు.]

అసలు నష్టం జరిగేది ఇక్కడ. మన సినిమాల్లో ఎక్కువ వాటికి గొంతు తర్వాతే ఎక్కుతుంది. తెర మీద మనిషి పరుగెత్తుకొచ్చి ఆగాడు, మైకు ముందు మాత్రం తీరిగ్గా నిలబడి చెప్పాడు. మాటలు అతికాయి, ఆయాసం అతకలేదు. తెలిసినవాళ్లు టేకుకి ముందు నాలుగు గుంజీళ్లు తీస్తారు, షాట్‌లో చెయ్యి విసిరితే ఇక్కడా విసురుతారు.

పెదాల లెక్క మరీ ఘోరం. సెకనుకు 24 ఫ్రేములు. రెండు ఫ్రేములు తప్పితే 0.08 సెకను. ప, బ, మ దగ్గర పెదాలు మూసుకుంటాయి కాబట్టి ఆ కాస్త తేడానూ కన్ను పట్టేస్తుంది. అందుకే "పద" అన్నచోట "నడు" అని మార్చితే కుదరదు. పెదాలు కలిసే మాటే వెతుక్కోవాలి.

షూటింగ్‌లోనే గొంతు రికార్డు చేస్తే ఈ గొడవ లేదు, వేరే గొడవలున్నాయి. ఫ్యాన్ ఆపాలి, జనరేటర్ దూరంగా పెట్టాలి, పట్టుచీర గరగరలాడితే టేకు పోయినట్టే.

[తెర మీద: మొదటి సీన్ మళ్లీ.]

ఇప్పుడు ఇదే సీన్ ఇంకో రెండుసార్లు. ఒకసారి మామూలుగా చూడండి. తర్వాత కళ్లు మూసుకుని, మాటకు ముందు ఊపిరి వినపడుతుందేమో వినండి.