ముక్కు ఆపరేషన్ చేయించుకోవాలనుకుంటున్నారా?

శ్రోతలకు నమస్కారం. పెళ్ళిళ్ళ సీజన్ దగ్గరపడిందంటే మా చెవి, ముక్కు, గొంతు ఓపీలో ఒక మాట తప్పకుండా వినిపిస్తుంది. "డాక్టర్ గారూ, వచ్చే నెలలో ముహూర్తం. ఈలోపు అమ్మాయి ముక్కు కాస్త సరిచేయండి" అని. కుదరదండీ అంటాను. ఆపరేషన్ రెండు మూడు గంటల్లో అయిపోతుంది, నిజమే. కానీ ఆ ముక్కు అసలు రూపం తేలడానికి దాదాపు ఏడాది పడుతుంది. ఈ సంగతి ముందే తెలిసినవాళ్ళు నిబ్బరంగా ఉంటారు. తెలియనివాళ్ళు మూడో వారంలోనే అద్దం చూసుకుని కన్నీళ్ళు పెట్టుకుంటారు.

ముందు తేలాల్సింది మీ బాధ ఊపిరిదా, రూపానిదా అన్నది. రెండు ముక్కు రంధ్రాల మధ్య ఉండే అడ్డుగోడను మనం దూలం అంటాం. చాలామందికి అది ఎంతో కొంత వంకరగానే ఉంటుంది. స్కానింగ్ రిపోర్టులో ఆ మాట కనిపించగానే ఆపరేషన్ కావాలని కంగారు పడక్కర్లేదు. గాలి ఆడకపోతేనే దాని సంగతి చూస్తాం. పరీక్ష చాలా సులువు. చల్లటి స్టీలు పలకను ముక్కు కింద పెట్టి ఊపిరి వదలమంటాం. దాని మీద రెండు ఆవిరి మచ్చలు పడతాయి. ఒకటి పెద్దగా, రెండోది చిన్నగా పడితే ఆ చిన్న వైపు గాలి సరిగ్గా ఆడటం లేదన్నమాట. ఆ తర్వాత చెంపను వేలితో పక్కకు లాగి గాలి పీల్చమంటాం. అలా లాగినప్పుడు హాయిగా ఆడితే ఇరుకు ముక్కుపుటం దగ్గర ఉండొచ్చు. అలాంటివాళ్ళకు దూలం ఒక్కటే సరిచేస్తే ఊపిరి బాగుపడదు. ఇంకో మాట. దూలం ఆపరేషన్‌తో అలర్జీ తుమ్ములు పోవు. గురక కూడా తప్పకుండా తగ్గుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇక రూపం సంగతి. ఫోన్‌లో సెల్ఫీ చూపించి "ఇంత వెడల్పు ముక్కు నాకెందుకు" అనే పిల్లలు ఎక్కువయ్యారు. 12 అంగుళాల దూరం నుంచి తీసిన ఫొటోలో, 5 అడుగుల నుంచి తీసినదానితో పోలిస్తే, ముక్కు సుమారు 30 శాతం వెడల్పుగా కనిపిస్తుందని అమెరికా వైద్యులు 2018లో లెక్కగట్టి చూపించారు. అందుకే ముందు ఎవరినైనా దూరంగా నిలబెట్టి ఫొటో తీయించుకోండి. చిన్నప్పటి నుంచి "చప్పిడి ముక్కు" అని పిలిపించుకుని నొచ్చుకున్న మనసును నేను తేలిగ్గా తీసుకోను. దానికోసం ఆపరేషన్ కోరుకోవడం తప్పు కాదు. కానీ ఎవరో హీరోయిన్ ఫొటో తెచ్చి అచ్చం ఇదే ముక్కు కావాలంటే మాత్రం ఒప్పుకోను. మీ చర్మం మందం, మీ ఎముక, మీ ముఖం కొలతలు చూసి ఎంతవరకు సాధ్యమో అంతే చెప్పగలం. రోజులో గంటల తరబడి ముక్కు గురించే ఆలోచిస్తూ, బయటికి రావడానికే జంకేవాళ్ళకు ముందు మానసిక వైద్యుల సాయం కావాలి. కత్తి పెట్టినా వాళ్ళ బాధ తీరదు.

ముక్కు దిద్దడం మన దేశానికి కొత్త కాదు. సుశ్రుత సంహితలోనే చెంప చర్మంతో ముక్కును తిరిగి కట్టే పద్ధతి ఉంది. 1792 యుద్ధంలో టిప్పు సుల్తాన్ సైన్యానికి చిక్కి ముక్కు పోగొట్టుకున్న కవాస్జీ అనే బండివాడికి పుణె దగ్గర నుదుటి చర్మంతో ముక్కు అమర్చిన వైనం 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. అది చదివిన కార్ప్యూ అనే సర్జన్ 1814లో అక్కడ అదే పద్ధతిలో ఆపరేషన్ చేశాడు. క్యాన్సర్‌తోనో ప్రమాదంలోనో ముక్కు పోయినవాళ్ళకు ఈనాటికీ నుదుటి చర్మమే వాడతాం.

అందం కోసం చేసే ఆపరేషన్‌కు ఎదుగుదల పూర్తి కావాలి. అమ్మాయిలకు 15, 16 ఏళ్ళు, అబ్బాయిలకు 17, 18 ఏళ్ళు నిండేదాకా సాధారణంగా ఆగమంటాం. ఎక్కువగా పూర్తి మత్తు ఇచ్చే చేస్తారు. సిగరెట్ కొన్ని వారాల ముందే మానాలి. రక్తాన్ని పలచన చేసే మందులు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపకండి. ఆయుర్వేద మందులు, ఇంట్లో కాచుకునే కషాయాలు కూడా దాచకుండా చెప్పాలి.

ఆపరేషన్ తర్వాత ముక్కు మీద ఒక చట్రం పెడతారు. వారం తర్వాత తీస్తారు. కళ్ళ కింద నీలం రంగు రెండు వారాల్లో పోతుంది. మొదటి రోజుల్లో ముక్కు దిబ్బడగా ఉండి నోటితో ఊపిరి పీలుస్తారు. రాత్రి రెండు దిండ్ల మీద తల ఎత్తి పడుకోవాలి. రెండు వారాలపాటు ముక్కు చీదకూడదు, తుమ్ము వస్తే నోరు తెరిచి తుమ్మాలి. కళ్ళద్దాలు ముక్కు మీద ఆనకుండా నెల, నెలన్నర జాగ్రత్త. ముక్కుపుడక డాక్టర్ సరేననేవరకు పెట్టొద్దు. చట్రం తీసిన రోజు ముక్కు ఉబ్బి, కొన పైకి లేచినట్టు ఉంటుంది. చూడవచ్చిన చుట్టాలు "ఇదేంటమ్మా ఇలా అయింది" అంటారు. ఆ మాట పట్టించుకోకండి. చాలా వాపు కొన్ని వారాల్లో తగ్గుతుంది. కొన దగ్గరిది, చర్మం మందంగా ఉంటే మరీ నిదానంగా దిగుతుంది. కొన తిమ్మిరిగా ఉండటం కూడా నెలల తరబడి మామూలే.

అనుకున్నట్టు రాకపోవడం కూడా ఉంటుంది. నూటికి 5 నుంచి 15 మందికి రెండోసారి చేయాల్సి వస్తుందని వైద్య గ్రంథాలు చెబుతాయి. అదైనా కనీసం ఏడాది గడిచాకే. అందుకే ఎవరు చేస్తున్నారు, ఇలాంటివి ఎన్ని చేశారు, మళ్ళీ చేయాల్సి వస్తే ఖర్చు ఎవరిది అని ముందే అడగండి. అందం కోసమైతే బీమా సాధారణంగా వర్తించదు. ఊపిరి ఇబ్బందికైతే పాలసీ కాగితాలు చదివి చూడండి.

ఇంటికి వెళ్ళాక ముక్కులోంచి రక్తం ఆగకుండా కారినా, జ్వరం వచ్చినా, లోపల వాపు పెరిగి రెండు వైపులా పూర్తిగా మూసుకుపోతూ నొప్పి ఎక్కువవుతున్నా తెల్లారేదాకా ఆగకండి. రక్తం గడ్డకట్టి అలాగే ఉండిపోతే దూలం దెబ్బతింటుంది. ఆ రాత్రే ఆపరేషన్ చేసిన ఆసుపత్రికి వెళ్ళండి. సెలవు.