బెంచ్ గ్రైండర్ కొంటున్నారా? ముందు రాయి మోగించి చూడండి

[హన్మకొండలో ఒక వెల్డింగ్ షాపు. బెంచీకి బోల్టులతో బిగించిన 6 అంగుళాల గ్రైండర్.]

నమస్తే అన్నా! కొడవలి, గొడ్డలి, ఉలి, డ్రిల్ బిట్ సాన పట్టుకోవడానికైతే 6 అంగుళాల రాయి ఉన్న గ్రైండర్ చాలు. రోజంతా నడిచే షాపుకైతే 8 అంగుళాలది తీసుకోండి. కొనేటప్పుడు హెచ్‌పీ ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. రాయిని కప్పే గార్డు మందంగా ఉందా, పనిముట్టు ఆనించే రెస్టు కదలకుండా బిగుస్తుందా చూడండి. పల్చటి రేకు రెస్టు ఉన్నదైతే ఎంత చవకైనా నేను కొనను.

[రాయి లేబుల్, దగ్గరగా]

మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ఈ మోటార్ నిమిషానికి సుమారు 2,800 చుట్లు తిరుగుతుంది. అంటే రాయి అంచు గంటకు దాదాపు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నట్టు. లేబుల్ మీది ఆర్‌పీఎం, అంటే నిమిషానికి చుట్లు, మోటార్ ఆర్‌పీఎం కన్నా తక్కువుంటే ఆ రాయి వద్దు.

[రాయి బొక్కలో వేలు పెట్టి వేలాడదీయాలి. స్క్రూడ్రైవర్ పిడితో మెల్లగా తట్టాలి. మ్యూజిక్ ఆపేయాలి.]

వినండి... ఖంగుమంది కదా? ఇది మంచిది. ఇప్పుడు ఇది వినండి. డబ్ మంటోంది. పగులు కంటికి కనబడకపోయినా లోపల ఉన్నట్టే, పక్కన పడేయండి. తడి రాయి సరిగా మోగదు, ఆరినాకే తట్టండి.

బిగించేటప్పుడు రెండు వైపులా అట్ట వాషర్లు ఉండాలి. ఎడమవైపు నట్టుకు మరలు ఉల్టా ఉంటాయి, బలం పెట్టి విరగ్గొట్టకండి. రాయికీ రెస్టుకీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు దాటొద్దు. రాయి అరిగేకొద్దీ ఈ సందు పెరుగుతుంది, పనిముట్టు అందులో ఇరుక్కుంటే వేలినీ లాక్కుపోతుంది. మోటార్ పూర్తిగా ఆగినాకే రెస్టు జరపండి.

[కళ్లద్దాలు పెట్టుకుని, మెడలో తువ్వాల తీసి పక్కన పెట్టాలి]

చేతికి గ్లవ్స్ వద్దు అన్నా, రాయికి అవి తగులుకుంటే చేతితో సహా లాగేస్తుంది. స్విచ్ వేసి ఒక నిమిషం పక్కకు నిలబడండి, పగిలే రాయి ఎక్కువగా అప్పుడే పగులుతుంది. రాయి పక్క భాగం మీద అరగదీయొద్దు. అల్యూమినియం అసలే వద్దు, రాయి రంధ్రాలు పూడిపోయి వేడెక్కుతుంది.

[కొడవలి అంచు, నిప్పురవ్వలు. పక్కన నీళ్ల డబ్బా.]

గట్టిగా అదమకండి. రెండుసార్లు ఆనించి నీళ్లలో ముంచండి. అదిగో, ఈ చివర నీలంగా మారింది చూశారా? అక్కడ ఉక్కు గట్టిదనం పోయింది. ఆ నీలం ఉన్న మేర మెల్లగా అరగదీసి, కింద గట్టి ఉక్కు వచ్చినాక మళ్లీ అంచు తీయాలి.