149 పుర్రెలు

శ్రోతలకు నమస్కారం. మాది మహారాష్ట్రలోని సిరొంచ, ప్రాణహిత ఒడ్డు. ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ, సంతకు వెళితే గోండీ, మాడియా. ఇన్ని భాషలున్నా, పెళ్లిచూపుల నుంచి తిరిగొచ్చినవాళ్లను మా పెద్దమ్మ అడిగేది ఒకటే: "ముక్కు కోటేరులా ఉందా, చప్పిడా?"

ఇదే ప్రశ్నను హెర్బర్ట్ రిస్లీ అనే బ్రిటిష్ అధికారి కొలబద్ద పట్టుకుని అడిగాడు. ముక్కు వెడల్పును పొడవుతో భాగించి, వందతో హెచ్చించి, ఆ అంకె తక్కువైనకొద్దీ కులం ఎక్కువన్నాడు. 1901 జనాభా లెక్కలకు ఆయనే కమిషనర్. పెద్దమ్మ మాటకు ఒక అంకె తోడయ్యేసరికి అది శాస్త్రమై కూర్చుంది.

రిస్లీని ఇక్కడితో వదిలేస్తాను. నేను చెప్పాలని వచ్చింది మానవశాస్త్రవేత్త ఇరావతీ కర్వే గురించి.

1905లో ఆమె బర్మాలో పుట్టారు. పేరు కూడా అక్కడి నదిదే. చదువు పుణెలో. 1920ల చివర్లో పరిశోధన కోసం బెర్లిన్ వెళ్లి ఆయిగెన్ ఫిషర్ దగ్గర చేరారు. ఫిషర్ అప్పటికే గొప్ప పేరున్న మానవశాస్త్రవేత్త. 1908లో నైరుతి ఆఫ్రికాలోని జర్మన్ వలసకు వెళ్లి, తెల్లవారికీ స్థానికులకూ పుట్టిన సంతతిని కొలిచి, అలాంటి కలయికలు కూడదని వాదించినవాడు. ఆయనకు ఒక నమ్మకం ఉండేది. యూరప్ తెల్లవారి పుర్రెకు కుడి, ఎడమ సమానంగా ఉండవని, మెదడు కుడి ముందుభాగం పెద్దది కావడమే అందుకు కారణమని, వాళ్ల తెలివికి గుర్తు అదేనని. దాన్ని పరీక్షించే పని ఈ విద్యార్థినికి అప్పగించాడు.

ఆ గదిని కాస్త ఊహించుకోండి. ముందు 149 పుర్రెలు. వాటిలో కొన్ని ఆఫ్రికా వలసల నుంచి తెచ్చినవి. ఏ తల్లి కన్న బిడ్డలో! ఒక్కొక్కటీ చేతిలోకి తీసుకోవాలి. కుడి కొలవాలి, రాసుకోవాలి. ఎడమ కొలవాలి, రాసుకోవాలి. కుడి, ఎడమ. కుడి, ఎడమ. ఊరు పరాయిది, భాష పరాయిది, పట్టా గురువు చేతిలో ఉంది, ఆ గురువుకు ఏ జవాబు ఇష్టమో తెలుసు. ఒకటి రెండు అంకెలు అటు ఇటు జరిపితే ఎవరికి తెలుస్తుంది? నేనైతే ఏం చేసేవాడినో చెప్పలేను. ఆమె మాత్రం కొలిచింది కొలిచినట్టే రాశారు. పుర్రె వంకరకూ జాతికీ సంబంధం కనిపించలేదని రాశారు. 1930లో డాక్టరేట్ వచ్చింది.

ఫిషర్ మారలేదు. 1933లో హిట్లర్ అధికారంలోకి వచ్చాక బెర్లిన్ విశ్వవిద్యాలయానికి రెక్టర్, అంటే అధిపతి, అయ్యాడు. 1937లో నాజీలు జర్మనీలోని రైన్‌ల్యాండ్‌లో నల్లజాతి సైనికులకు పుట్టిన పిల్లలను వందల సంఖ్యలో పట్టుకుని, సంతానం కలగకుండా రహస్యంగా ఆపరేషన్లు చేశారు. అందుకు ముందు ఆ పిల్లలను పరీక్షించినవారిలో శాస్త్రవేత్తలూ ఉన్నారు.

అందుకే ఎవరైనా "ఫలానావాళ్లు పుట్టుకతోనే ఇంతే, సైన్సే చెప్పింది" అంటే నేను ఒక్క ప్రశ్న అడుగుతాను: "ఏ కొలత వచ్చి ఉంటే మీ మాట తప్పని ఒప్పుకునేవారు?"

నేను పాఠం చెప్పే రోజుల్లో ఏడో తరగతి అబ్బాయి ఒకడు పక్క బెంచీలోని మాడియా గిరిజన అమ్మాయితో "మీవాళ్లకు లెక్కలు రావు, తలలే చిన్నవి" అన్నాడు. నేను తిట్టలేదు. దర్జీ దగ్గర టేపు అరువు తెచ్చి వాడి చేతికే ఇచ్చాను. నల్లబల్ల మీద ఒక వరసలో అందరి తల కొలత, పక్క వరసలో లెక్కల మార్కులు. తరగతిలో అన్నిటికంటే పెద్ద తల వాడిదే. మార్కులు పదకొండు. టేపు వదులైందేమోనని మళ్లీ కొలిచాడు. అంతే వచ్చింది.

టేపే సాగిపోయింది అన్నాడు. దర్జీ ఒప్పుకోలేదు.